ఎండలోకి వచ్చేదాకా వెనక్కి చూడొద్దు

పిల్లల సినిమాలకు తెలుగు మాటలు రాయడం నా పని. ఎక్కడో విదేశంలో తీసిన బొమ్మల సినిమా నా దగ్గరికి వస్తుంది. ఆ బొమ్మ పెదవులు ఎలా కదిలితే వాటికి అతికే తెలుగు మాట నేను వెతకాలి. పెదవులు మూసుకునే చోట ప, బ, మ పడాలి. నోరు బార్లా తెరిచిన చోట ఆ పడాలి. అర్థం సంగతి ఆ తర్వాత. పదిహేనేళ్లుగా ఇదే చాకిరీ. హైదరాబాద్ కార్వాన్‌లో మా పాత ఇంటి మేడ మీద గదిలో, కిటికీకి దుప్పటి కట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నాలో నేను గొణుక్కుంటూ రాస్తాను. కింది వాటాలో ఉండే ముస్లిం పెద్దావిడ, మేం ఖాలా అని పిలిచే ఆమె, మొదట్లో నాకు పిచ్చి పట్టిందనుకుందట. ఆమె అనుకున్నది పూర్తిగా తప్పు కాదు.

ఈ సినిమాల్లో గ్రీకు పురాణ కథలవి తరచుగా వస్తుంటాయి. అసలు కథలు పిల్లలకు చెప్పేవి కావు. అక్కడ తండ్రి కన్నపిల్లల్ని మింగేస్తాడు. మహావీరుడికి పిచ్చెక్కి తన పిల్లల్ని తనే చంపుకుంటాడు. మైనపు రెక్కలతో ఎగిరిన కొడుకు సముద్రంలో పడిపోతుంటే తండ్రి పైనుంచి చూస్తూ ఉండిపోతాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమాలో ఇవేవీ ఉండవు. తండ్రి పిల్లల్ని మింగడు, సీసాలో పెట్టి మూత బిగిస్తాడు, చివర్లో ఆ మూత ఊడుతుంది. రెక్కలవాడు నీళ్లలో పడకుండా ఓ పెద్ద చేప వచ్చి వీపు మీద పట్టుకుంటుంది. పాతాళం గుమ్మం దగ్గర కాపలా ఉండే మూడు తలల కుక్కకు పొట్ట మీద గోకితే వెల్లకిలా పడుకుని కాళ్లాడిస్తుంది. పిల్లలకు ఆ కుక్కంటే ప్రాణం.

స్టూడియో వాళ్లు నాకు మొదట్లోనే ఒక కాగితం ఇచ్చారు. చావు, శవం, చచ్చిపోయింది, చంపేశాడు, ఈ మాటలు రాయకూడదు. 'దూరం వెళ్లింది', 'నిద్రపోయింది', 'నీడల లోకానికి చేరింది' అని రాయాలి. నేను గంగిరెద్దులా తలూపాను. పిల్లలు ఏడిస్తే మనకేం ఒరుగుతుందని నాకూ అనిపించేది. మా నాన్న గుళ్లో పురాణం చెప్పేవాడు. ఆయన కథలో ఎవరైనా చస్తే చచ్చారనే చెప్పేవాడు, వినే ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్లు. నేను ఆయన కన్నా తెలివైనవాణ్ణని అనుకుంటూ ఎన్ని చావుల్ని నిద్ర చేశానో నాకే లెక్క లేదు.

నాలుగేళ్ల కిందట ఒక సినిమా వచ్చింది. దాని వెనక ఉన్న పాత కథ ఇది. ఒక పాటగాడి భార్య పాము కరిచి చనిపోతుంది. వాడు పాతాళానికి దిగి, తన పాటతో ఆ లోకపు రాజు మనసు కరిగించి, భార్యను వెంటబెట్టుకుని బయల్దేరుతాడు. షరతు ఒక్కటే. ఆమె వెనక నడుస్తుంది, ఇద్దరూ పైలోకానికి చేరేదాకా వాడు వెనక్కి తిరిగి చూడకూడదు. వాడు వెలుగులో కాలు పెట్టగానే ఆత్రం ఆపుకోలేక తిరుగుతాడు. ఆమె ఇంకా చీకట్లోనే ఉంది. అంతే, పోయింది. మళ్లీ రాదు.

సినిమాలో పాటగాడూ లేడు, భార్యా లేదు. ఒక చిన్న పిల్ల, దాని తల్లి ఉన్నారు. పిల్ల పాతాళానికి దిగి తల్లిని తెస్తుంది. మెట్లెక్కుతూ ఒక్కసారి కూడా వెనక్కి చూడదు. ఇద్దరూ ఎండలో నిలబడ్డాక అప్పుడు తిరుగుతుంది. తల్లి చేతులు చాపి నిలబడి ఉంటుంది. పాట, పూలు, కుక్క గంతులు, శుభం. ఎంత చక్కగా మార్చారో అని మెచ్చుకున్నాను కూడా, నా బొంద.

ఆ సినిమా నా చేతిలో ఉన్నప్పుడే అక్క మా ఇంటికొచ్చింది. కాన్సర్. పేగుల్లో మొదలై అంతటా పాకింది. ఇక మందులతో అయ్యేదేమీ లేదు, ఇంట్లో ఉంచి ప్రేమగా చూసుకోండని డాక్టర్లు చెప్పేశారు. బావ బస్సు డిపోలో మెకానిక్, వాళ్ల ఇల్లు ఊరికి ఆ చివర. ఏదైనా ఇబ్బంది వస్తే మూసీ గట్టున అఫ్జల్‌గంజ్ వైపు ఆసుపత్రికి మా ఇంటినుంచి తొందరగా పోవచ్చని ఇక్కడికి తెచ్చుకున్నాం. అక్కకు తెలుసు, బావకు తెలుసు, నాకు తెలుసు, కింద ఖాలాకు కూడా తెలుసు. తెలియంది అక్క కూతురికి ఒక్కదానికే. దానికి తొమ్మిదేళ్లు.

బడి నుంచి రాగానే అది నా గదిలోకి వచ్చేది. పెద్దవాళ్ల గొంతుతో చదివి చూస్తే పిల్ల పాత్ర మాట సరిపోతుందో లేదో తెలియదు. పిల్లలు ఊపిరి తీసుకునే తీరు వేరు. అందుకని నేను రాసింది దానిచేత చదివించేవాణ్ణి. ఎదురుగా బొమ్మ మూగగా నోరాడిస్తుంటే ఇది పక్కన కూర్చుని మాటలు చెప్పేది. వారం తిరిగేసరికి నాకే పాఠాలు మొదలుపెట్టింది. "ఆగు మామా, ఆ పిల్ల పెదవులు మూసుకున్నది. ఈడ మ రావాలె. నువ్వేమో 'చూడు' అని రాసినవ్. ఏంది గిట్ల?" అని తగులుకునేది. నాకు భలే ముచ్చటేసేది. ఆ ఇంట్లో ఆ రోజుల్లో నవ్వు వినపడింది నా గదిలోనే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బొమ్మ మొహం కనపడకుండా వీపు మాత్రమే కనపడితే అక్కడ రాసేవాడిదే రాజ్యం. పెదవులు కనపడవు కాబట్టి ఏ మాటైనా అతుకుతుంది. అసలు సినిమాలో అక్కడ ఎవరూ నోరు విప్పకపోయినా సరే, మేం ఊరుకోం, మాటలు పోసేస్తాం. మౌనంగా ఉంటే పిల్లలు చానెల్ మార్చేస్తారని స్టూడియో వాళ్ల భయం. ఆ సినిమాలో పిల్ల పాతాళం మెట్లెక్కే ఘట్టమంతా వీపు వైపునుంచే తీశారు. సంగీతం తప్ప ఏమీ లేదు. నేను నింపాను. "నేను వెనక్కి చూడనమ్మా. నువ్వు పిలిచినా చూడను. మనిద్దరం ఎండలో నిలబడేదాకా చూడను. అప్పుడు నువ్వు ఎప్పటికీ నాతోనే ఉంటావు." తీసినవాడు ఆ మాట రాయలేదు. పాత కథ చెప్పినవాడూ రాయలేదు. నేను రాశాను. పిలిచినా చూడను అన్నది మరీ బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

అక్క కూతురు ఆ మాటలు చదువుతుంటే పక్క గదిలో అక్క వింటూ ఉండేది. ఒకరోజు నన్ను పిలిచింది.

"తమ్మీ, బిడ్డకు చెప్పినవా?"

"చెప్తా అక్కా. ఈ సినిమా అయిపోనీ."

"సినిమాలు అయితనే ఉంటయ్. నాకు దినాలు లెవ్వు. నేను చెప్దామని నోరు తెరిస్తే ఏడుపొస్తున్నది. మీ బావతోని గాదు. నువ్వు మాటలు రాసెటోనివి, నీకు చెప్పొస్తది." కాసేపు ఊపిరి తీసుకుంది. "చెప్పకుండ పోతే మా అమ్మ నన్ను మోసం జేసిందనుకుంటది. అది నా మొకం సూడాలె, నేను దాని మొకం సూడాలె, పోయొస్తా అని చెప్పి పోవాలె. గంతే. ఇంకేమడుగుతున్న నిన్ను?"

నిజమే, ఇంకేమీ అడగలేదు. నేను సరేనన్నాను. మరో వారం గడిచింది. మళ్లీ అడిగింది. మళ్లీ సరేనన్నాను. పదిహేనేళ్లుగా ఆ ఒక్క మాటను తప్పించుకు తిరగడమే నాకు వచ్చిన విద్య. ఇప్పుడు అవసరానికి ఆ మాట నోట్లోకి రమ్మంటే వస్తుందా? నా చేతకానితనానికి ఇదొక సాకు అని అప్పుడే తెలుసు నాకు.

మూడోసారి అడిగినప్పుడు, పిల్లను చార్మినార్ తీసుకుపోయి, కొంచెం తిప్పి, మెల్లగా చెప్పెయ్యమంది. ఆదివారం పొద్దున బయల్దేరాం. గాజుల బజారులో దానికి వాళ్లమ్మకు గాజులు కొనాలని బుద్ధి పుట్టింది. ఎర్రవి, మీద బంగారు రంగు చుక్కలున్నవి చూపించింది. దుకాణం అతను "సైజ్ కిత్తా అమ్మా?" అనడిగాడు. "దో ఛే" అంది టక్కున, రెండూ ఆరు అని. అది అక్క పాత కొలత. అప్పటికి అక్క చెయ్యి ఎలా ఉందంటే చిన్నపిల్లల గాజులు కూడా జారిపోతాయి. నేను నసిగాను.

"చిన్నయి తీస్కుందామే."

"వద్దు మామా. అమ్మ మంచిగైతే మళ్ల చెయ్యి లావైతది గదా. అప్పుడు ఇవి పట్టకపోతే?"

దో ఛే గాజులే కాగితంలో చుట్టించుకుని వచ్చాం.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, పురానాపూల్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయి ఉన్నప్పుడు, పిల్లే అడిగింది.

"మామా, ఆ పిల్ల వెనక్కి చూడలే, వాళ్లమ్మ వచ్చేసింది గదా. నిజంగ గిట్ల అయితదా?"

దేవుడు తలుపు తీసి నిలబడ్డట్టే ఉంది. ఇంతకన్నా సులువుగా ఎవరికీ అవకాశం దొరకదు. కాదే తల్లీ, అట్లా కాదు, మీ అమ్మ బతకదు అనాలి. నేనేమన్నానో తెలుసా? "మనసు గట్టిగ పెడితే ఎందుకు గాదు?" అన్నాను.

"పిల్ల ఒక్కతే ఎండల నిలబడితే చాలదా?"

"చాలదు. ఇద్దరూ నిలబడాలె. పాత కథలోడు గదే తప్పు జేసిండు. వాడొక్కడు వెలుగులకొచ్చి తిరిగిండు, ఆమె ఇంకా చీకట్లనే ఉండె." కథ తెలిసినవాడి గర్వంతో వివరంగా చెప్పాను. అది బుద్ధిగా తలాడిస్తూ విన్నది. ఇంటికొచ్చాక అక్క నా మొహం చూసి అటు తిరిగి పడుకుంది.

పది రోజులు తిరక్కుండానే ఒక పొద్దున అక్కకు ఊపిరాడలేదు. పొట్టలో నీరు చేరింది, తీయించాలి. మా మెట్లు ఇరుకు, ఒక మనిషి దిగితే రెండో మనిషి గోడకు అతుక్కోవాలి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి బావ ముందు, ఖాలా పెద్దకొడుకు వెనక పట్టుకుని దించారు. గల్లీలోకి ఆటో రాదు, రోడ్డు దాకా అలాగే మోసుకుపోవాలి. పిల్ల చేతికి ఆసుపత్రి కాగితాల ఫైలు ఇచ్చాం. అది అందరికన్నా ముందు దిగింది. నేను కుర్చీ పక్కన నడుస్తున్నాను.

మా గల్లీలో రెండు వైపులా మేడలు. నడి మధ్యాహ్నం తప్ప ఎండ కింద పడదు. పిల్ల పది అడుగుల ముందు నడుస్తోంది, మెడ బిగబట్టుకుని, అటూ ఇటూ చూడకుండా. అక్క పిలిచింది.

"బిడ్డా, జెర ఆగు. ఇటు తిరుగు. నీ మొకం సూస్త."

అది ఆగింది. తిరగలేదు. మళ్లీ నడిచింది.

"ఏందే, అమ్మ పిలుస్తుంటే ఇనవడ్తలేదా?" అని అరిచాను. అది నడుస్తూనే ఉంది. నాకు ఒళ్లు మండింది. తల్లి ప్రాణం కొట్టుకుంటుంటే ఈ మొండితనమేమిటని.

గల్లీ దాటి రోడ్డు మీదికి వచ్చాం. అక్కడ ఎండ. పిల్ల రోడ్డు పక్కన నిలిపిన బండ్ల దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడింది. కుర్చీని ఆటోకు ఆనించి అక్కను లోపలికి ఎత్తి కూర్చోబెట్టారు. అక్క మళ్లీ పిలిచింది, ఈసారి గొంతు కూడా సరిగా రాలేదు. "ఒక్కసారి రా బిడ్డా." పిల్ల కదల్లేదు. ఫైలు మాత్రం చెయ్యి వెనక్కి తిప్పి చాపింది. నేను ఆ ఫైలు లాక్కుని, దాని వీపు మీద ఒక్కటివ్వడానికి చెయ్యెత్తాను.

"కొట్టకు తమ్మీ" అంది అక్క. "పోనీయ్. నా మొకం గిట్లయింది గదా, బిడ్డ భయపడ్తున్నది."

ఖాలా వచ్చి పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. ఆటో కదిలింది. అక్క కళ్లు మూసుకుని నా భుజానికి తల ఆనించి, కొంచెం దూరం పోయాక అడిగింది.

"దానికి చెప్పినవా?"

"చెప్పిన" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆసుపత్రికి పోతున్నాం, ఆమెకు మనశ్శాంతి ఉంటుందనుకున్నానేమో.

"అయితే గందుకే. ఇడిచిపెట్టి పోతున్నా అని కోపమొచ్చింది బిడ్డకు" అంది. ఆసుపత్రి వార్డులోకి పిల్లల్ని రానివ్వరు. మర్నాడు మధ్యాహ్నం అక్క పోయింది.

అక్కను ఇంటికి తెచ్చినప్పుడు పిల్ల చూసింది. తల దగ్గర కూర్చుని, రెప్ప వెయ్యకుండా, ఎవరు లేపినా లేవకుండా అదేపనిగా చూసింది. ఏడవలేదు. ఎంత గుండె రాయి చేసుకుందో చిన్నది అని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు.

ఎండాకాలం సెలవుల్లో సినిమా వచ్చింది. బాగానే ఆడింది. మెట్లెక్కే ఘట్టంలో నేను పోసిన మాటలకు పిల్లలు చప్పట్లు కొట్టారని స్టూడియో వాళ్లు ఫోను చేసి మరీ చెప్పారు. అలాంటిదే మరొకటి పంపారు. రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను, నాకు వచ్చిన పని ఇదొక్కటే. బావ పిల్లను తీసుకుని వాళ్లింటికి వెళ్లిపోయాడు. దానికిప్పుడు పదమూడేళ్లు. నేను వెళితే మంచినీళ్లు ఇస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, లోపలికి పోతుంది.

పాత కథకు గుండె లేదని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఉన్నది దానికే. ఎంత గొప్పవాడైనా, ఎంత బాగా పాడినా, పోయినవాళ్లను తెచ్చుకోలేడని చెప్పి అది ఊరుకుంటుంది. అందులో ఓడిపోయినవాడు మనందరిలాంటివాడే. సినిమాలో అలా కాదు. అక్కడ మాట విన్న పిల్లకు అమ్మ దొరుకుతుంది. మరి అమ్మ దొరకని పిల్ల ఏం అనుకోవాలి? ఈ ఇంగితం నాకు అప్పుడు లేకపోయింది. నాకు అది నేర్పింది అక్క కూతురే, కర్మలన్నీ అయిపోయి వాళ్లు వెళ్లిపోయే రోజు.

బావ కింద సంచులు సర్దుతున్నాడు. అది నా గదిలోకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కూర్చోలేదు.

"మామా, అద్దంల చూస్తే చూసినట్టేనా?"

నాకు అర్థం కాలేదు. "ఏ అద్దంల?"

"రోడ్డు మీద బండి ఉండె గదా. దాని అద్దంల అమ్మ కనవడ్డది. నేను తిరగలే మామా, ఒట్టు. అద్దంల గంతే. అమ్మ నన్నే చూస్తుండె. నేను మళ్ల కండ్లు మూసుకున్న." వేళ్లతో గుమ్మం చెక్క గీకుతోంది. "అమ్మ ఆటోల ఉండె, ఎండల నిలబడలే ఇంకా. గందుకే నేను తిరగలే. అద్దం లెక్కల కొస్తదా?"

అప్పుడు తెలిసింది నాకు. అప్పటిదాకా తెలియలేదు. గల్లీలో ఆ బిగుసుకున్న మెడ, వెనక్కి చాపిన చెయ్యి, అన్నీ నేను రాసిన ఆ మాట కోసమే. ఔను, లెక్కలోకి వస్తుంది అంటే తల్లిని తనే చంపుకున్నానని బతుకంతా మోస్తుంది. రాదు అంటే, అన్నీ సరిగా చేసినా అమ్మ ఎందుకు రాలేదని అడుగుతుంది. ఏది చెప్పినా గోతిలోకే. అయినా ఏదో ఒకటి అనాలి కదా.

"రాదు బిడ్డా. అద్దం లెక్కల రాదు."

"మరి అమ్మెందుకు రాలే?"

దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి ఒక పిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ అమ్మ చచ్చిపోయిందే, నువ్వు చూసినా చచ్చిపోయేది, చూడకపోయినా చచ్చిపోయేది, డాక్టర్లు మాకు ఎప్పుడో చెప్పిన్రు అన్నాను. ఆ రూలు లేదు, పాతాళం లేదు, ఆ మాటలన్నీ నేను ఈ కుర్చీల కూసొని కల్పించినవి, అబద్ధాలు అన్నాను. నా మీద పడి ఏడుస్తుందేమోనని చేతులు చాపాను కూడా.

అది ఒక అడుగు వెనక్కి వేసింది. మొహంలో కోపం కూడా లేదు.

"గది ముందుగాల చెప్పొద్దా మామా?" అంది. "అమ్మ పిలిచినప్పుడు తిరిగి చూసేదాన్ని గదా."